ఇసుక మీద మీగడ

పొద్దున్నే వంటింటి గట్టు తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది. తెరమీద ‘ఫిల్టరు మాస్టారు’ అని పడింది. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల్ని కాసిన దాన్ని, అంత తొందరగా జడిసే మనిషిని కాను. కానీ ఆ పేరు చూడగానే చేతిలో తడిగుడ్డ జారి నేలమీద పడింది.

ఎత్తితే వాళ్ళావిడ. ఆయన ఫోనే ఇప్పుడు తను వాడుకుంటోందట. పెరటినిండా ఆయన చేసిన ఫిల్టర్లే ఉన్నాయనీ, పెరటిగోడ పడిపోయేలా ఉంటే మళ్ళీ కట్టించాలనుకుంటున్నామనీ, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తనకి తెలియడం లేదనీ చెప్పింది. నన్నొకసారి వచ్చి చూడమంది.

“మీరైతే చెప్పగలరు టీచరుగారూ. ఆయనకి మీ మాట మీద గురి” అంది.

ఆదివారం వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. తుడిచిన గట్టునే మళ్ళీ మొదట్నుంచీ తుడిచాను.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే ఆయన సంగతి అర్థం కాదు. నాకు కడగడం ఒక జబ్బు. మా ఆయన బతికున్నప్పుడు, ‘నీ చేతికిస్తే సబ్బుని కూడా కడుగుతావే’ అని ఏడిపించేవారు. మంచినీళ్ళ బిందె చింతపండుతో తోమి, కొబ్బరిపీచుతో రుద్ది, అందులో నా మొహం నాకు కనబడేదాకా వదిలేదాన్ని కాదు. నేనొక్కదాన్నే అనుకునేరు. మా ఊళ్ళో ఆడవాళ్ళందరిదీ అదే వరస. శుక్రవారం వచ్చిందంటే చాలు, వీధి పొడుగునా బిందెల చప్పుడే. తాగేనీళ్ళ సామాను మురిగ్గా ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవాళ్ళు. అలాంటి ఊరికి వచ్చి, ‘ఇది కడగకండి’ అని చెప్పిన మనిషి ఆయన.

మాది పామర్రు నుంచి కూచిపూడి వైపు వెళ్ళే దారిలో ఉన్న ఊరు. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. కాలువ వదిలినప్పుడు చెరువు నింపుకుని, ఏడాది పొడుగునా ఆ చెరువు నీళ్ళే వాడుకుంటాం. జరుగుబాటు ఉన్నవాళ్ళు ఆటోలో వచ్చే క్యాన్ల నీళ్ళు కొనుక్కుంటారు. లేనివాళ్ళు చెరువు నీళ్ళే గుడ్డలో వడగట్టుకుని తాగుతారు. ప్రతి వానాకాలం నా క్లాసులో సగం మంది పిల్లలు కడుపునొప్పులతో, విరేచనాలతో ఇళ్ళ దగ్గర పడుండేవాళ్ళు. హాజరు పట్టీ చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అలాంటి ఒక వానాకాలంలోనే ఆయన మా బడికి వచ్చారు. పాత స్కూటరు. కాళ్ళ దగ్గర ఇసుక మూట. సన్నగా, పొట్టిగా, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కాలో ఉన్నారు. విజయవాడ దగ్గర ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో లాబ్ అసిస్టెంటుగా చేసి, ఈ పని కోసమే మానేశారట. మాస్టారు కాకపోయినా ఊళ్ళో అందరూ మాస్టారనే పిలిచారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పంపు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, చేతిలో నాలుగు చుక్కలు పట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూశారు. వాళ్ళ నాన్నగారిది మగ్గం. నూలు నాణ్యం అలా వేళ్ళతోనే చూసేవారట. ఈయనకి నూలు రాలేదు గానీ ఆ వేళ్ళు వచ్చాయి. ఏ ఇంటికి వెళ్ళినా, ఎవరు నీళ్ళిచ్చినా, ముందు ఆ రెండు వేళ్ళూ తడిపి రుద్ది చూసేవారు. కొత్తవాళ్ళు అదేదో శకునం అనుకునేవాళ్ళు.

ఆయన చేసిన వస్తువు చూడ్డానికి ఏమంత లేదు. నడుమెత్తున్న సిమెంటు తొట్టి, దానికో సన్నటి గొట్టం. లోపల అడుగున గులకరాళ్ళు, వాటిమీద ముతక ఇసుక, మధ్యలో కాల్చిన ఊక బూడిద, పైన సన్నటి ఇసుక. ఆ ఇసుక మీద ఎప్పుడూ నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు నిలిచి ఉండాలి. రోజూ ఒక బిందెడు చెరువు నీళ్ళు పోస్తే, గొట్టంలోంచి ఒక బిందెడు మంచినీళ్ళు వస్తాయి. కరెంటు అక్కర్లేదు. చుక్క వృథా పోదు. ‘ఇసుకతో వడగట్టడం నేను కనిపెట్టింది కాదండీ, ఇంట్లో పట్టేంత చిన్నది చెయ్యడం, ఊక బూడిద కలపడం, అంతవరకే నాది’ అనేవారు. అడగని వాళ్ళకి కూడా ఈ మాట చెప్పేవారు.

అసలు రహస్యం ఆ ఇసుక పైపొరలో ఉంది. ఇరవై రోజులు అలా నీళ్ళు పోస్తూ ఉంటే, ఇసుక మీద జిగురుగా, గోధుమరంగులో ఒక పొర కడుతుంది. కంటికి కనబడని ప్రాణులేవో అందులో చేరి, నీళ్ళలో ఉన్న చెడ్డ క్రిముల్ని తినేస్తాయట. ఊరంతా దాన్ని పాచి అంది. ఆయన మాత్రం మీగడ అనేవారు.

“పాచి కాదమ్మా, మీగడ. అది కడితేనే నీళ్ళు మంచివవుతాయి. దాన్ని తీసేస్తే మళ్ళీ ఇరవై రోజులు ఆగాలి. బొట్టు పెట్టుకోండి, పసుపు రాసుకోండి, బయట ఏమైనా చేసుకోండి. లోపల మాత్రం ముట్టుకోకండి.”

ఈ మాట ఆయన ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటారో. ఇంటింటికీ వెళ్ళి మూత తీసి, లోపలికి తొంగిచూసి, ఉయ్యాల్లో బిడ్డని చూసినట్టు చూసి, చప్పుడు కాకుండా మూత పెట్టేవారు. రెండు రోజులు ఎవరైనా నీళ్ళు పొయ్యడం మరిచిపోతే, ‘పాపం, ఆకలికి ఆగదండీ అది’ అని నిజంగా బాధపడేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

అమ్మకం మాత్రం ఆయనకి బొత్తిగా చేతకాదు. ఒకసారి విజయవాడలో ఎగ్జిబిషన్ పెడితే ఆయనా ఒక మూల బల్ల వేసుకున్నారు. భవానీపురంలో మా అక్కయ్య ఇంటికి వచ్చినదాన్ని, చూద్దామని వెళ్ళాను. పక్క స్టాలులో నీలం లైట్లు వెలుగుతున్న మెషీను. మీట నొక్కితే నీళ్ళు, నలుగురు అమ్మాయిలు చిన్న గ్లాసులతో వచ్చేపోయే వాళ్ళందరికీ ఇస్తున్నారు. ఈయన దగ్గరికి ఎవరో దంపతులు వచ్చి, బాగానే ఉందే అని ముచ్చటపడ్డారు. ఈయన నోరు తెరవగానే చెప్పిన మొదటి మాట, ‘కొన్నాక ఇరవై రోజులు ఈ నీళ్ళు తాగకూడదండీ’ అని. వాళ్ళు మొహమొహాలు చూసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రందాకా అదే తంతు. నాకు ఒళ్ళు మండిపోయింది. ‘మాస్టారూ, మీరు అమ్మడానికి వచ్చారా, చెడగొట్టడానికి వచ్చారా? ఆ ఇరవై రోజుల సంగతి చివర్లో చెప్పకూడదా?’ అని కసిరాను.

“మొదట చెప్పాల్సింది చివర్లో చెబితే అబద్ధమైపోతుందండీ” అన్నారు. అని, తను తెచ్చుకున్న సీసాలోంచి నాకు గ్లాసుడు నీళ్ళు పోసిచ్చారు. పక్క స్టాలు నీళ్ళకంటే రుచిగా ఉన్నాయి. చెరువు నీళ్ళ తియ్యదనం అలాగే ఉంది, చెరువు వాసన మాత్రం లేదు.

ఎలాగైతేనేం, నీళ్ళ పనులు చేసే ఒక పెద్ద సంస్థ వాళ్ళకి ఈ ఫిల్టరు నచ్చింది. పన్నెండు ఇళ్ళల్లో పెట్టి చూస్తాం, ఆర్నెల్ల తర్వాత మా వాళ్ళు వచ్చి నీళ్ళు పరీక్షకి తీసుకెళ్తారు, బాగుంటే మేమే వేలకొద్దీ తయారుచేసి డెల్టా అంతా అమ్ముతాం అన్నారు. ఆయన ఆ పన్నెండు ఇళ్ళకీ మా వీధినే ఎంచుకున్నారు. నన్ను అందరి మీదా పెద్దగా పెట్టారు. నాకో నోటుపుస్తకం ఇచ్చి, పైన తన చేత్తో ‘ముట్టుకోలేదు’ అని రాసి, కింద గళ్ళు గీసిచ్చారు. వారానికోసారి నేను ఇంటింటికీ వెళ్ళి అడిగి, గడిలో టిక్కు పెట్టాలి. అబ్బో, ఎంత దర్జాగా తిరిగానో. కూతుళ్ళ వయసు పిల్లల్ని, అత్తగార్ల వయసు వాళ్ళని కూడా నిలబెట్టి పాఠం చెప్పాను. ‘నాలుగు అక్షరాలు చదువుకున్నారు, మీగడ అంటే అర్థం కాదా?’ అని ఒకావిణ్ణి కేకలేశాను కూడా.

నిజం చెప్పాలంటే ఆ ఆర్నెల్లూ నాకు నరకం. నా వంటింట్లో, నా బిందెల పక్కన, మూత తీస్తే జిగురు కనబడే వస్తువు. రోజూ చెయ్యి దురదపెట్టేది. ఆయన మొహం గుర్తుచేసుకుని ఊరుకునేదాన్ని. ఆ వానాకాలం మాత్రం మా వీధి పిల్లలు ఒక్కరూ బడి మానలేదు. హాజరు పట్టీ పట్టుకెళ్ళి చూపిస్తే ఆయన కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు.

పరీక్షకి వచ్చేది సోమవారం అని కబురొచ్చింది. ఆదివారం నేను వీధంతా తిరిగి, ‘రేపు పెద్దవాళ్ళొస్తున్నారు, ఇళ్ళు శుభ్రంగా ఉంచుకోండి, మన పరువు పోకూడదు’ అని చెప్పాను. నా నోరు పడిపోను, అంతే అన్నాను. ఇళ్ళు అన్నాను. మా ఊళ్ళో ఇల్లు శుభ్రం అంటే మొదట శుభ్రపడేది మంచినీళ్ళ సామాను అని నాకు తెలియదా?

ఇంటికొచ్చి మూత తీసి చూశాను. ఆర్నెల్ల మీగడ. గోధుమరంగు ముదిరి నల్లబడ్డ చోట్లున్నాయి. రేపు పట్నంనుంచి వచ్చినవాళ్ళు ఇది తెరిచి చూస్తే టీచరుగారి ఇంట్లో ఇదేం రోత అనుకోరూ? ఆయన పెట్టిన వస్తువుకి ఎంత అప్రతిష్ట! పైపైన తీస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆర్నెల్లు ఆగిన చెయ్యి, ఆ ఒక్క సాయంత్రం ఆగలేదు. పై ఇసుక రెండు వేళ్ళ లోతున తీసి, బేసిన్లో వేసి, బియ్యం కడిగినట్టు ఏడు నీళ్ళు మార్చి కడిగాను. చివర్లో మరిగిన నీళ్ళు కూడా పోశాను. తెల్లగా మెరిసిపోతున్న ఇసుక మళ్ళీ సర్దిపెట్టి, తొట్టికి పసుపు రాసి, మూడు బొట్లు పెట్టాను. అంత తృప్తిగా నేను ఆర్నెల్లలో నిద్రపోలేదు.

రెండు వారాలకి రిపోర్టులొచ్చాయి. పన్నెండిట్లో పదకొండు ఫెయిలు. నెగ్గింది ఒక్క వెంకాయమ్మ ఇంటిది. వెంకాయమ్మ అంటే మా వీధి చివర ఉండే ముసలావిడ. బద్ధకానికి పెట్టింది పేరు. నిన్నటి అంట్లు ఇవాళ తోముతుంది, వాకిలి ఊడిస్తే ఊడుస్తుంది, లేకపోతే లేదు. ఆవిడ ఇంట్లో మంచినీళ్ళు పుచ్చుకోవడానికి మేమెవ్వరం ఇష్టపడేవాళ్ళం కాదు. ఊరు మొత్తం మీద తాగదగ్గ నీళ్ళు ఆవిడ ఇంట్లోనే ఉన్నాయి.

ఆ మర్నాడే ఆయన వచ్చారు. ఇంటింటికీ వెళ్ళి అడిగారట. కడిగాం అని ఆడవాళ్ళందరూ దాచకుండా చెప్పేశారు. పెద్దవాళ్ళొస్తుంటే కడక్క ఏం చేస్తాం మాస్టారూ అని ఎదురు అడిగారు కూడా. ఆయన కోప్పడలేదట. చివరికి మా ఇంటికి వచ్చారు. ఆయన వెనకే ఆ ఆడవాళ్ళూ వచ్చి మా అరుగు మీద, గుమ్మం దగ్గరా నిలబడ్డారు. ఏమైంది, ఏమైంది అని వాళ్ళకీ ఆదుర్దాగానే ఉంది.

ఆయన ఫిల్టరు దగ్గర గొంతుక్కూర్చుని మూత తీశారు. అప్పటికి రెండు వారాలైంది కాబట్టి ఇసుక మీద మళ్ళీ గోధుమరంగు పొర కమ్మింది. కడిగారో లేదో చూసి చెప్పడానికి లేదు. మూత పెట్టి నావైపు తిరిగారు.

“పది ఇళ్ళల్లో కడిగారండీ. కడిగితే ఫెయిలవుతుంది, అది ఫిల్టరు తప్పు కాదు. వెంకాయమ్మగారిది నెగ్గింది. ఇక మీదొక్కటే. మీరూ కడిగుంటే చెప్పండి టీచరుగారూ, నాకు బెంగ తీరిపోతుంది. మళ్ళీ ఒకసారి పరీక్ష పెట్టించమని వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. కడక్కుండా ఫెయిలైతే మాత్రం అడిగే మొహం నాకు లేదు.”

ఇంతకంటే తేలిగ్గా ఎవరైనా అడుగుతారా? కడిగానండీ అంటే అయిపోయేది. రెండు మాటలు కూడా కాదు, ఒక్క మాట. కానీ గుమ్మంలో నేను కేకలేసిన ఆవిడ నిలబడి ఉంది. గూట్లో నోటుపుస్తకం ఉంది, గళ్ళనిండా నా టిక్కులున్నాయి. అబద్ధం చెప్పిన పిల్లలచేత గోడ కుర్చీ వేయించిన దాన్ని.

“నేను ముట్టుకోలేదండీ” అన్నాను.

ఆయన తల ఊపారు. “మీరు ముట్టుకోరని నాకు తెలుసండీ. అయితే తప్పు నాదే” అన్నారు. లేచి, మోకాళ్ళ మీద దుమ్ము దులుపుకుని, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. పరిగెత్తి ఆపుదామనుకున్నాను. ఆపలేదు.

ఆ రాత్రే ఆయన సంస్థ వాళ్ళకి ఉత్తరం రాశారని తర్వాత తెలిసింది. కడగని ఇంట్లో కూడా ఫెయిలైంది కాబట్టి తన డిజైనులో లోపం ఉందనీ, సరిచేసేదాకా ఆగమనీ రాశారు. వాళ్ళు కొన్నాళ్ళు ఆగారు. ఎన్నాళ్ళని ఆగుతారు? తర్వాత ఇంకేదో మెషీను తీసుకున్నారు. మా వీధి వాళ్ళు ఒక్కొక్కరే ఫిల్టరు పెరట్లోకి జరిపేశారు. పిల్లలు మళ్ళీ బడి మానడం మొదలైంది. నేను నోటుపుస్తకం పొయ్యిలో పెట్టాను.

ఆయన మాత్రం వదల్లేదు. లేని తప్పుని వెతుక్కుంటూ తొమ్మిదేళ్ళు గడిపారు. ఇసుక మార్చారు. ఊక బూడిద ఎక్కువ వేసి చూశారు, తక్కువ వేసి చూశారు. తొట్టి ఎత్తు పెంచారు. ఇక ఊళ్ళల్లో ఎవరింట్లోనూ పెట్టే ధైర్యం లేక, అన్నీ తన ఇంటి పెరట్లోనే పెట్టుకుని పరీక్షించుకునేవారు. నాకు ఫోన్ చేసేవారు. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? ‘టీచరుగారూ, ఈసారి మీగడ కట్టిందండీ, వారం ఆగి చెబుతాను’ అనేవారు. వారానికి మళ్ళీ ఫోన్. ‘పోయిందండీ. అయిదారు రోజులు బాగా కడుతుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి మాయమవుతోంది’ అనేవారు. రొయ్యల చెరువుల మందులు కాలువలో కలుస్తున్నాయేమో అనేవారు. సిమెంటులో ఏదైనా గుణం ఉందేమో అనేవారు. నేను ఊఁ కొట్టేదాన్ని. ఎందుకు మాయమవుతోందో నాకూ అర్థం అయ్యేది కాదు. ఒక్కోసారి నిజంగానే లోపం ఉందేమో, నా అబద్ధం పుణ్యాన ముందే బయటపడిందేమో అని నన్ను నేను సముదాయించుకునేదాన్ని. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే.

రిటైరయ్యాక నేను భవానీపురంలో ఫ్లాటు కొనుక్కుని వచ్చేశాను. ఒకరోజు ఆయన వెతుక్కుంటూ వచ్చారు. బాగా నీరసించిపోయారు. సోఫా ఉన్నా కూర్చోకుండా వంటింటి గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నారు. నేను క్యాను నీళ్ళు గ్లాసులో పోసిచ్చాను. అలవాటుగా రెండు వేళ్ళూ తడిపి రుద్ది, మొహమాటానికి రెండు గుక్కలు తాగి, గ్లాసు పక్కన పెట్టారు. ఇవాళ చెప్పేద్దాం, ఏమైతే అదవుతుంది అనుకున్నాను.

“మాస్టారూ, ఆ రోజు మా ఊళ్ళో మీరు అడిగినప్పుడు...” అని మొదలుపెట్టాను.

ఆయన మొహం వికసించింది. “ఆ రోజు మీరు నిజం చెప్పబట్టే బతికిపోయానండీ. లేకపోతే చెడ్డ వస్తువు నాలుగు వేల ఇళ్ళకి అమ్మి, పసిపిల్లల ఉసురు పోసుకునేవాణ్ణి. మా ఆవిడతో ఎప్పుడూ అంటాను, టీచరుగారు చేసిన సాయం ఎవరూ చెయ్యలేదని” అన్నారు.

ఆయనకి ఉప్మా చేసి పెట్టాను. ఇంకా ఏం పెట్టను? తిని, పళ్ళెం తనే కడిగి బోర్లించి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. అదే ఆఖరిసారి చూడటం. పోయిన శ్రావణంలో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయారని తెలిసింది. వెళ్ళలేకపోయాను అని నలుగురితో చెప్పాను గానీ, అదీ అబద్ధమే. వెళ్ళలేదు.

ఆదివారం పామర్రు బస్సెక్కాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. ఆయనకి చెప్పలేకపోయాను, కనీసం ఆవిడకైనా చెప్పాలి. మీ ఆయన చేసిన దాంట్లో ఏ తప్పూ లేదమ్మా, తప్పు నాది, అని. ఆవిడ తిడితే తిట్టనీ. జుట్టు పట్టుకుంటే పట్టుకోనీ.

పామర్రులో దిగి ఆటోలో వెళ్ళాను. చేనేత వాళ్ళ ఇళ్ళ వరసలో చివరి ఇల్లు. ముందుగదిలో మగ్గం గుంట మీద చెక్కలు పరిచి ఉన్నాయి. ఆవిడ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. గోడ వారగా ఫిల్టర్లు. ఎన్నని? పాతిక పైనే ఉంటాయి. పొట్టివి, పొడుగువి, గుండ్రటివి, పలకలవి. ఒక్కోదాని మీద ఆయన చేత్తో మేకుతో గీసిన అంకె. ఒక్కదానికీ మరక లేదు. గొట్టాలన్నీ తళతళలాడుతున్నాయి. ఆవిడ ఒకదాని కింద గ్లాసు పట్టి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసులో నా మొహం నాకు కనబడుతోంది.

“ఒక మాట చెప్పాలండీ మీకు, ఎప్పుడో చెప్పాల్సింది” అన్నాను.

ఆవిడ కొంగుతో ఫిల్టరు మూత తుడుస్తూ, నా మాట పూర్తిగా వినకుండానే నవ్వింది. “నన్ను మాత్రం ఒక్కదాన్నీ ముట్టుకోనిచ్చేవారు కాదండీ. తాగేనీళ్ళు! లోపల ఆ జిగురేంటి, అదేంటి, ఎలా చూస్తూ ఊరుకుంటాం? శుక్రవారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే అప్పుడు నీళ్ళు పోస్తున్న ఒకటి రెండింటినీ గబగబా పైపైన కడిగి సర్దేసేదాన్ని. ఒక్క వారం కూడా తప్పలేదు. ఆయనకి తెలియదులెండి. అడిగితే చెప్పేదాన్నే, ఎన్నడూ అడగలేదు. ఇంటి ఆడమనిషి మీద అంత నమ్మకం” అంది.

అయిదారు రోజులు బాగా కడుతుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి మాయమవుతోంది. ఆయన గొంతు నా చెవిలో అలాగే వినబడింది. ఊరందరినీ అడిగిన మనిషి. కాలువని, సిమెంటుని, రొయ్యల మందుల్ని అనుమానించిన మనిషి. నా తొట్టి ఒక్కసారి కడిగాను. ఈవిడ తొమ్మిదేళ్ళూ కడిగింది, ప్రేమగా, ప్రతి శుక్రవారం.

“ఏదో చెప్పబోయారు” అంది ఆవిడ.

“ఏం లేదండీ” అన్నాను.

ఆవిడ ఆ తొట్ల వరస వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు నిండాయి. “ఇంత కష్టపడ్డారు కదండీ. తిండి మానేసి వీటి దగ్గరే కూర్చునేవారు. ఒక్కటీ నెగ్గలేదే అని చివరిదాకా కుమిలిపోయారు. మీరు చదువుకున్నవారు, ఆయనకి మీ మీద గురి. అసలు ఆయన ఎక్కడ తప్పు చేశారంటారు?”

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. చేతిలో గ్లాసు ఉంది. నీళ్ళు తాగాను, మొత్తం తాగేశాను, చల్లగా ఉన్నాయి.

“తెలియదండీ” అన్నాను.

ఒకదాన్ని ఉంచుకోండి, మిగతావి తీయించెయ్యండి అని చెప్పాను. గుర్తుగా ఉంటుంది, రోజూ ఒక బిందె నీళ్ళు పోస్తూ ఉండండి అన్నాను. ఆవిడకి ఆ మాట నచ్చింది. తులసికోట పక్కనున్న చిన్నదాన్ని చూపించి, ఇది ఉంచుకుంటానంది. తర్వాత కొంచెం సందేహిస్తూ అడిగింది.

“ఆయన లేరుగా టీచరుగారూ, ఇక శుక్రవారం శుక్రవారం కడుక్కోవచ్చా దీన్ని?”

వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఆవిడ ఈ పెరట్లో ఇంకెలా బతుకుతుంది?

“కడుక్కోండమ్మా” అన్నాను.